ఎర వేసి కొట్టుట వేటయా?

అమెరికాలోని మేన్ రాష్ట్రమున పీపాలలో డోనట్లు ఎరగా పోసి, మాటున కూర్చుండి ఎలుగుబంటిని కాల్చుట చట్టసమ్మతము. 2004లోను, 2014లోను నిషేధమును ప్రజల ఓటుకు పెట్టగా రెండు మాఱులును ఓడినది. 2014లో వన్యప్రాణి శాఖవారే దానికి వ్యతిరేకముగా ప్రచారము చేసిరి! వేట లైసెన్సులకు రుసుము పుచ్చుకొను శాఖయే కక్షిదారుడైనచో ఇక తీర్పరి ఎవరు?

దట్టమైన అడవిలో ఎర లేనిదే ఎలుగు కంటబడదట. కావచ్చును. ఎరవద్ద తీరికగా చూచి, పిల్లలున్న తల్లిని విడువవచ్చునను వాదము నన్నును కొంత ఆలోచింపజేసినది. కాని తప్పించుకొను అవకాశమీయనిది వేట కాదని వేటగాండ్రలోనే కొందఱందురు.

మిత్రులారా, ఆదిపర్వమున కిందముడు పాండురాజును నిందించినది మృగమును కొట్టినందుకు కాదు, కూడియున్న వేళ కొట్టినందుకు. తిండిలో తల దూర్చిన జంతువు విషయమున ఆ ముని ఏమనియుండెడివాడో ఎరవేట సమర్థకులు చెప్పుదురు గాక.