ఇరానీ హోటల్‌కు కొత్త రూపు: ఏది మార్చాలి, ఏది ఉంచాలి?

హైదరాబాద్ పాత చౌరస్తాల్లో ఇరానీ హోటల్ అంటే చాలావరకు మూల మడిగే. రెండు రోడ్లకూ తెరిచిన వాకిళ్లు, ఎత్తైన కప్పు, పొడవాటి కడ్డీలకు వేలాడే ఫ్యాన్లు, పాలరాతి పలకల బల్లలు, వంచిన కర్రతో చేసిన కుర్చీలు, గోడలకు అద్దాలు, ద్వారం పక్కనే గల్లా. ఇరాన్ నుంచి బొంబాయి, పుణె మీదుగా వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబాలు తీర్చిదిద్దిన రూపం ఇది. అబిడ్స్‌లోని గ్రాండ్ హోటల్ 1935 నాటిది. ఇలాంటి చోట్లను ఇప్పుడు నడుపుతున్న తరానికి ఒక ప్రశ్న తప్పడం లేదు. ముందు భాగాన్ని అద్దాలతో మూసి, లోపల ఏసీ పెట్టి కొత్త రూపు ఇవ్వాలా? లేక ఉన్నదాన్ని ఉన్నట్టే కాపాడుకోవాలా?

మార్చాలనేవాళ్ల మాటలో బలముంది. పాత హాళ్లు చాలాకాలం మగవాళ్ల అడ్డాలుగానే నడిచాయి. ఆడవాళ్లు, పిల్లలతో వచ్చేవాళ్లు నిశ్చింతగా కూర్చునే చోటు, శుభ్రమైన మరుగుదొడ్డి, సరైన వెలుతురు చాలా చోట్ల లేవు. ఎండాకాలం మధ్యాహ్నం హాలులో కూర్చోవడం కష్టం. రెడ్‌హిల్స్‌లో పేరు తెచ్చుకున్న కేఫ్ నీలోఫర్ బంజారాహిల్స్‌లో, హైటెక్ సిటీలో పెద్ద శాఖలు తెరిస్తే కుటుంబాలు తరలివస్తున్నాయి. చాయ్ రుచి పోకుండా చోటు మారవచ్చనడానికి అదే రుజువని వీళ్లు అంటారు. పన్ను లెక్క కూడా వీళ్లకు అనుకూలంగా మారింది. 2017లో జీఎస్టీ వచ్చిన కొత్తలో ఏసీ రెస్టారెంట్‌కు 18 శాతం, ఏసీ లేనిదానికి 12 శాతం పన్ను ఉండేది. అదే ఏడాది నవంబరులో విడిగా నడిచే రెస్టారెంట్లన్నిటికీ 5 శాతం చేశారు. ఏసీ పెట్టినందుకు గిరాకీ మీద అదనపు పన్ను పడుతుందన్న భయం దాంతో పోయింది.

అయితే ఆ నిర్ణయానికి రెండో వైపు ఉంది. 5 శాతం పన్ను కట్టే రెస్టారెంట్‌కు ఇన్‌పుట్ క్రెడిట్ లేదు. టైల్స్ మీద, ఏసీల మీద, ఇంటీరియర్ కాంట్రాక్టరు బిల్లు మీద కట్టిన జీఎస్టీ తిరిగి రాదు. అదీ పెట్టుబడిలోనే కలుస్తుంది. పని జరిగినన్నాళ్లు షట్టర్ మూసినా అద్దె, జీతాలు ఆగవు. పెట్టింది రాబట్టుకోవాలంటే చాయ్ ధర పెంచాలి, లేదా కూర్చున్నవాళ్లను త్వరగా లేపాలి. ఒక కప్పు పౌనా చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్లతో గంటసేపు కూర్చునే పెద్దమనిషికి, బేరాల మధ్య కాసేపు సేదతీరే ఆటో డ్రైవరుకు అక్కడ చోటు ఉండదు. ఉంచాలనేవాళ్ల అసలు బాధ ఇదే. పైగా ఆ పాత రూపానికి ఇప్పుడు బయట విలువ పెరిగింది. 2010లో లండన్‌లో మొదలైన దిశూమ్ రెస్టారెంట్ బొంబాయి ఇరానీ కేఫ్‌ల రూపాన్ని ఎంతో శ్రద్ధగా మళ్లీ కట్టి పేరు తెచ్చుకుంది. అక్కడ డబ్బు పోసి చేయించుకుంటున్నదాన్ని మనం చేతులారా విరగ్గొట్టడం ఏమిటని వీళ్లు అడుగుతారు.

అందుకే వాదన కాసేపు పక్కన పెట్టి కట్టడాన్నే చూడాలి. తెరిచిన వాకిలి కేవలం అలంకారం కాదు. వంటింటి ఎగ్జాస్ట్ ఎంత గాలిని బయటకు తోస్తుందో అంత గాలి ఎక్కడినుంచో లోపలికి రావాలి. పాత హోటల్లో అది వాకిళ్ల నుంచి వస్తుంది. ముందంతా అద్దం బిగించి, వంటింటికి వేరే గాలిదారి ఇవ్వకపోతే ఎగ్జాస్ట్ సరిగ్గా లాగదు. పొగ, నూనె వాసన హాలులోనే తిరుగుతాయి. పడమటి ముఖంగా ఉన్న మడిగకు నిలువెత్తు అద్దం పెడితే సాయంత్రం ఎండంతా లోపలికే. దాన్ని చల్లార్చడానికి మళ్లీ ఏసీ బిల్లు. ముందుభాగానికి అంటించే అల్యూమినియం కాంపోజిట్ షీట్లలో, చవక రకాల మధ్య పొర పాలిథిలిన్‌ది. అది మండుతుంది. భట్టీ రోజంతా వెలిగే చోట ఆ చవక మంచిది కాదు.

లోపల కూడా ఇంతే. ఎత్తైన కప్పు కింద వేడి గాలి పైకి పోతుంది. ఏసీ ఖర్చు తగ్గుతుందని ఫాల్స్ సీలింగ్ దింపితే, కరెంటు పోయిన రోజు ఆ వేడి నెత్తిమీదే ఉంటుంది. నున్నటి టైల్స్, గాజు, జిప్సం బోర్డు కలిస్తే శబ్దం ప్రతిధ్వనించి, ఎదురుగా ఉన్నవాళ్ల మాట కూడా వినపడదు. మెరిసే టైల్ మీద నీళ్లు, నూనె పడితే కాలు జారుతుంది. తాండూరు బండ పరిస్తే ఆ బెడద తక్కువ. పాలరాతి బల్ల తడిగుడ్డతో ఒక్కసారి తుడిస్తే శుభ్రం, దశాబ్దాలు నిలుస్తుంది. సన్‌మైకా అంటించిన బల్లకు అంచులు లేవడానికి ఎంతో కాలం పట్టదు.

అలాగని పాతదంతా బంగారం కాదు. వేలాడే వైర్లు, మసిపట్టిన వంటిల్లు, మురుగు నిలిచే మోరీ, గుమ్మం దగ్గరి ఎత్తు మెట్లు వారసత్వం కావు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం జనం వచ్చిపోయే చోట్లకు అందరికీ దారి ఉండాలంటోంది. చక్రాల కుర్చీ ఎక్కాలంటే అరడుగు మెట్టుకు ఆరడుగుల వాలు కావాలి. అది ఫుట్‌పాత్ మీదికి రాకూడదు కాబట్టి లోపలే చోటు వదలాలి. అంటే ఒకటి రెండు బల్లలు పోతాయి. పోయినా సరే, ఆ పని చేయాల్సిందే.

నా తీర్పు ఇది. మార్పు కావాలి, కానీ వరుస తిరగబడాలి. మొదటి రూపాయి కంటికి కనపడని చోట పడాలి. వైరింగ్, మోరీ, వంటింటి గాలిదారి, మరుగుదొడ్డి, చేతులు కడిగే చోటు, వాలు దారి అయ్యాకే గోడల జోలికి వెళ్లాలి. ముందుభాగంలో కొత్తగా తగిలించేదానికన్నా ఏళ్లుగా పేరుకున్న ఫ్లెక్సీలు, రేకులు తీసేయడమే మేలైన పని. పాత వాకిళ్లు, చేత్తో రాసిన అక్షరాలు వాటి వెనకే ఉంటాయి. ఏసీ తప్పనిసరైతే ఒక గదికో పై అంతస్తుకో పెట్టి, కింది హాలు తెరిచే ఉంచవచ్చు. పనిని విడతలుగా చేస్తే షట్టర్ పూర్తిగా మూయాల్సిన అవసరం రాదు.

హోటల్ యజమానులకు ఒక్క మనవి. డిజైనరు గీసిన బొమ్మ మీద సంతకం పెట్టేముందు మీ పాత గిరాకీలో తక్కువ డబ్బుతో వచ్చేవాళ్లను గుర్తు చేసుకోండి. ఆ బొమ్మలో వాళ్లు ఎక్కడ కూర్చుంటారో డిజైనరును అడగండి. జవాబు దొరకకపోతే బొమ్మ మళ్లీ గీయించండి.