పడిశమునకు పరుగు కారణమా?

కఠోరశ్రమచే క్రీడాకారుని రోగనిరోధకశక్తి సన్నగిల్లుననియు, పెద్ద పోటీ ముగిసిన పిదప కొన్ని గంటలపాటు అతని దేహము సూక్ష్మక్రిములకు లోబడి యుండుననియు వైద్యలోకము చిరకాలము విశ్వసించినది. ఆ విశ్వాసము నిరాధారము కాదు. 1982లో కేప్‌టౌన్ నగరమున జరిగిన 56 కిలోమీటర్ల టూ ఓషన్స్ పరుగుపందెమున పాల్గొన్నవారిని విచారింపగా, తదుపరి రెండు వారములలో నూటికి 33 మంది జలుబు, గొంతునొప్పి వంటి బాధలు కలిగినవని చెప్పిరి. వారి యిండ్లలోనే యుండి పరుగెత్తనివారిలో అట్టివారు నూటికి 15 మందియే.

అయితే ఇవి క్రీడాకారులు చెప్పిన మాటలేగాని, ప్రయోగశాలలో తేల్చిన నిజములు కావు. గంటల తరబడి నోటితో గాలి పీల్చినవాని గొంతు ఏ వైరసును లేకుండనే మండవచ్చును. ఇక రక్తమున జరుగు వింత వేరొకటి కలదు. వ్యాయామవేళ ఎడ్రినలిన్ ప్రేరణచే లింఫోసైట్లను తెల్లకణములు రక్తములోనికి వెల్లువెత్తి, శ్రమ ముగిసిన గంట రెండు గంటలలో మునుపటికంటెను తగ్గిపోవును. ఈ తగ్గుదలనే దౌర్బల్యమని యెంచిరి. ఆ కణములు నశించుట లేదనియు, క్రిములు చొరబడుటకు వీలైన ఊపిరితిత్తులకును ప్రేగులకును తరలిపోవుచున్నవనియు 2018లో బాత్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు కాంప్‌బెల్, టర్నర్ వాదించిరి. వీధిలో కనబడనంతమాత్రమున కావలివాడు ఊరు విడిచెనని యనుకొందుమా?

ఈ వాదమే నాకు సమంజసముగా తోచుచున్నది. పరుగును దోషిగా నిలబెట్టి, అసలు దోషులను మనము విడిచిపెట్టుచున్నాము. పోటీలకై జనరల్ బోగీలో రాత్రంతయు కూర్చుండి ప్రయాణించి, తెల్లవారగనే టీ బిస్కట్లతో మైదానమున దిగు బాలికకును, బరువు తగ్గవలెనని రెండు దినములు అన్నము మానిన కుస్తీ పిల్లవానికిని జబ్బుచేసినచో, ఆ నేరము వ్యాయామముదా, నిద్రలేమిదా, ఆకలిదా? పదిమంది ఒకే గదిలో పడుకొను వసతిదా?

కావున కోచ్‌లకును తలిదండ్రులకును నా విన్నపమిది: సాధనకు పట్టిక వ్రాసినట్లే నిద్రకును భోజనమునకును పట్టిక వ్రాయుడు. జ్వరముతో నున్న బిడ్డను మాత్రము ఎంతటి పోటీ యైనను మైదానమునకు పంపకుడు. వైరస్ జ్వరమున శ్రమించినచో గుండెకండరము వాచి ప్రాణాపాయము కలుగవచ్చును.