ఓరాకెయి కోరాకో: మిగిలినదియు మునిగినదియు

ప్రకృతివింతలను చూడబోవువారు సాధారణముగా కన్నులకు కనబడుదానిని చూచి మరలుదురు. అచ్చట పూర్వమేమి యుండెను, అది యెట్లు పోయెను అని అడుగువారు తక్కువ. అట్లడుగనియెడల యాత్ర వేడుకగా ముగియునేగాని విద్య కానేరదని నా యభిప్రాయము. న్యూజిలాండు దేశమందలి ఓరాకెయి కోరాకో యను స్థలమును ఇందులకు నిదర్శనముగా చూపెదను.

ఇది ఆ దేశపు ఉత్తరద్వీపమున, రోటోరువా, టౌపో పట్టణముల నడుమ, వైకాటో నదిచెంత నున్నది. యాత్రికులు పడవనెక్కి ఆవలియొడ్డు చేరవలయును. వాననీరు భూగర్భమునకు దిగి, అచ్చటి వేడిరాళ్లవలన కాగి, వానిలోని సిలికాను కరగించుకొని పైకి వచ్చును. ఆ నీరు చల్లారినకొలది సిలికా పొరలుపొరలుగా పేరుకొని విశాలమైన సోపానములుగా ఏర్పడినది. వేడినీట బ్రదుకు సూక్ష్మజీవులు వానికి పసుపు, నారింజ, గోధుమ వన్నెల నిచ్చుచున్నవి. అచ్చటనే రువాటాపు అను గుహ కలదు. దాని యడుగున వెచ్చని నీటిమడుగొకటి యున్నది. మావోరీ స్త్రీలు ఆ నీటిని అద్దముగా చేసికొని అలంకరించుకొనెడివారని చెప్పుదురు. వేడినీటిబుగ్గల నడుమ ఇట్టి గుహ యుండుట మిక్కిలి అరుదు.

ఇదంతయు మిగిలిన భాగము. 1961లో విద్యుదుత్పత్తికై వైకాటోపై ఓహాకురి ఆనకట్ట పని ముగిసి జలాశయము నిండగా, ఇచ్చటి బుగ్గలలోను, నీటిని ఆకాశమునకు చిమ్ము గీజరులలోను అధికభాగము మునిగిపోయెను. నేడు యాత్రికుల పడవ దాటు నీటి యడుగుననే అవి యున్నవి.

విద్యుద్దీపము క్రింద కూర్చుండి చదువుకొనుచు ఆనకట్టను దూషించుట న్యాయము కాదు. ఆ విద్యుత్తు ఎన్నియో యిండ్లకు వెలుగైనది. అయినను లాభమును వ్రాసికొన్న పుస్తకముననే నష్టమును గూడ వ్రాయవలయును. నష్టములన్నియు నొకతీరువి కావు. రోటోరువాలో జనులు బోరుబావులద్వారా వేడినీటిని విరివిగా తోడుకొనుటచే గీజరులు క్షీణింపసాగెను. 1986లో ప్రభుత్వము పోహుటు గీజరునకు 1.5 కిలోమీటర్ల లోపలి బోరుబావులను మూసివేయుడని ఆజ్ఞాపించెను. పిమ్మట భూగర్భమున నీటియొత్తిడి మరల పెరిగి, బుగ్గలు కొన్ని కోలుకొన్నవి. అది దిద్దుకొనదగిన నష్టము. జలాశయమున మునిగినదానికి అట్టి చికిత్స సులభముగా లేదు.

మన నాగార్జునకొండ సంగతి తలచుకొనుడు. సాగరుజలములు కమ్ముకొనకమునుపే, 1954 మొదలు 1960 వరకు, ఆ లోయను త్రవ్వి పరిశోధించిరి. ముఖ్యమైన శిథిలములను కొండపైకి చేర్చి నిలిపిరి. మనుష్యుడు పేర్చిన రాతిని మనుష్యుడు మరియొకచోట పేర్చగలడు. భూగర్భపు వేడిమి పుట్టించిన బుగ్గను ఎత్తి వేరొకచోట నాటగలవాడు లేడు.

కావున విద్యార్థులారా, రేపు మీలో కొందరు ఇంజనీర్లును అధికారులును కావచ్చును. ఒక పథకము మీ బల్లపైకి వచ్చినపుడు దానివలన ఎంత లాభమని అడుగుడు. అంతతో ఆగక, దీనివలన పోవుదానిని కావలసినపుడు మరల తెచ్చుకొనగలమా యని రెండవ ప్రశ్న వేయుడు. తేలేమని తెలిసినచోట సంతకము చేయుటకు తొందరపడకుడు.