కోటిపల్లి రైలు.. రెండుసార్లు వచ్చి, రెండుసార్లు ఆగి!

కాకినాడ నుంచి గౌతమీ తీరంలోని కోటిపల్లి వరకు సుమారు 45 కిలోమీటర్ల రైలు మార్గం చరిత్ర విచిత్రమైనది. 1928లో ఆరంభమైన ఈ మార్గం రామచంద్రపురం, ద్రాక్షారామం పట్టణాలను జిల్లా కేంద్రంతో కలిపింది. కోనసీమ వాసులు ముక్తేశ్వరం రేవు నుంచి పడవపై గోదావరి దాటి కోటిపల్లిలో రైలెక్కే వెసులుబాటు కలిగింది.

ఆ భాగ్యం 12 ఏళ్లకే ముగిసింది. రెండో ప్రపంచ యుద్ధ అవసరాల కోసం 1940లో పట్టాలను ఊడబెరికారు. యుద్ధం ముగిసినా, స్వాతంత్ర్యం వచ్చినా పట్టాలు మాత్రం తిరిగి రాలేదు. రైలే రాని స్టేషన్లు పేరుకే మిగిలాయి.

పునర్నిర్మాణం పూర్తయి 2004లో ఈ మార్గం మళ్లీ తెరుచుకునేసరికి 64 ఏళ్లు గడిచాయి. కోనసీమకు రైలు కోసం పట్టుబట్టిన లోక్‌సభ స్పీకర్ జి.ఎం.సి. బాలయోగి 2002లోనే హెలికాప్టర్ ప్రమాదంలో కన్నుమూశారు. పట్టాలు వచ్చినా ప్రజలకు దక్కింది ఒక్క పెట్టె రైలుబస్సే. 2020లో కొవిడ్ లాక్‌డౌన్‌తో అదీ నిలిచిపోయింది.

లోపం ఎక్కడ?

ఆదరణ లేదన్న మాట సగమే నిజం. ఏటి ఒడ్డున ఆగిపోయే మార్గానికి దూరప్రయాణికులు రారు, సరకు రవాణా ఉండదు. దగ్గరి ఊళ్లకు వెళ్లేవారికి బస్సు ఎప్పుడూ సిద్ధమే. రోజుకు కొద్ది ట్రిప్పులు తిరిగే రైలుబస్సు దానితో పోటీపడటం అసాధ్యం. సేవ తక్కువైతే ప్రయాణికులు తగ్గుతారు. ప్రయాణికులు తగ్గారని సేవను కుదిస్తారు.

ఈ చిక్కుముడి నరసాపురం వరకు మార్గం సాగితేనే వీడుతుంది. 2000-01లో మంజూరైన సుమారు 57 కిలోమీటర్ల కోటిపల్లి-నరసాపురం మార్గానికి గౌతమి, వైనతేయ, వశిష్ఠ పాయలపై మూడు వంతెనలు అవసరం. భూసేకరణ, నిధుల వాటాల వద్ద ఏళ్లు దొర్లిపోయాయి. అంచనా వ్యయం పెరిగిపోయింది.

ఈ మార్గం పూర్తయితే అమలాపురానికి రైలు వస్తుంది. కొబ్బరి, ధాన్యం రవాణా సులువవుతుంది. విజయవాడ-విశాఖ ప్రధాన మార్గానికి తీరం వెంబడి ప్రత్యామ్నాయం దొరుకుతుంది. 1928 నుంచి 2020 వరకు 92 ఏళ్లలో కోటిపల్లికి రైలు నడిచింది సుమారు 28 ఏళ్లే. వంతెనల పని పూర్తిచేయకుండా రైలుబస్సు లాభనష్టాలు లెక్కించడం న్యాయం కాదు.