పిల్లికి 14, అత్తగారికి 72

తెనాలి నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం ఈ వారం నా బల్ల మీద ఉంది. ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాలన్నీ మనుషుల జబ్బుల గురించే. పిల్లి గురించి రావడం అరుదు. అయినా దీన్ని పక్కన పెట్టబుద్ధి కాలేదు. ఉత్తరం చదివితే కారణం మీకే తెలుస్తుంది.

"డాక్టరుగారికి నమస్కారం. మా ఇంట్లో 14 ఏళ్ళుగా ఒక పిల్లి ఉంది. మా అత్తగారు పెరుగన్నం పెట్టి పెంచారు. ఆరు నెలల నుంచి బాగా చిక్కిపోయింది. తిండి తగ్గి కాదు, ఇదివరకటికంటే ఎక్కువే తింటోంది. నీళ్ళు కూడా తెగ తాగుతోంది. రాత్రి రెండింటికి లేచి వరండాలో తిరుగుతూ పెద్దగా అరుస్తుంది. ఒకప్పుడు ఒక్క దూకులో ప్రహరీ గోడ ఎక్కేది, ఇప్పుడు మంచం ఎక్కడానికి కూడా ఆలోచిస్తోంది. 'పిల్లి వయసును ఏడుతో హెచ్చవేయాలి, అంటే దానికి 98 ఏళ్ళు. ఇంకా వైద్యమేమిటి, వదిలెయ్యండి' అని మావారు అన్నారు. ఆ మాట విని మా అత్తగారు రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. ఆవిడకు 72. మోకాళ్ళ నొప్పులు. ఈ మధ్య మేడ దిగడం లేదు, వయసు కదా. పిల్లి వయసు లెక్క నిజంగా అంతేనా? మా అత్తగారు వేసుకునే నొప్పుల మాత్రలో సగం దానికి వెయ్యవచ్చునా?"

ముందు ఆఖరి ప్రశ్నకు జవాబు చెబుతాను, ఎందుకంటే అది ఆగేది కాదు. వెయ్యకూడదమ్మా. సగం కాదు, పావు కూడా వద్దు. మన ఇళ్ళల్లో జ్వరానికీ ఒంటినొప్పులకీ వేసుకునే పారాసిటమాల్ పిల్లికి విషం. ఆ మందును విరిచి బయటికి పంపించే ఎంజైము మన కాలేయంలో పుష్కలంగా ఉంది. పిల్లి కాలేయంలో అది చాలా తక్కువ. అందుచేత మందు ఒంట్లోనే మారి ఎర్ర రక్తకణాలను పాడుచేస్తుంది, రక్తం ప్రాణవాయువును మోయలేకపోతుంది. చిగుళ్ళు గోధుమరంగుకో నీలానికో తిరుగుతాయి, ముఖమూ పాదాలూ వాస్తాయి, ఎగశ్వాస పుడుతుంది. 500 మిల్లీగ్రాముల మాత్ర ఒక్కటి పెద్ద పిల్లి ప్రాణం తియ్యడానికి చాలు. ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటివి దాని కడుపునూ మూత్రపిండాలనూ దెబ్బతీస్తాయి. ఒకవేళ ఈ ఉత్తరం పోస్టు చేశాక వేసేసి ఉంటే, లక్షణాలు వచ్చేదాకా చూడకండి. వెంటనే పశువుల ఆసుపత్రికి తీసుకువెళ్ళి ఏ మాత్ర, ఎంత వేశారో దాచకుండా చెప్పండి. పారాసిటమాల్‌కు ఎసిటైల్‌సిస్టీన్ అనే విరుగుడు ఉంది, త్వరగా ఇస్తేనే పనిచేస్తుంది.

ఇక వయసు లెక్క. నేను మనుషుల డాక్టరును కనుక ఈ సంగతులు ఒక పశువైద్య మిత్రుడితో మాట్లాడి రాస్తున్నాను.

ఏడుతో హెచ్చవేసే లెక్క కుక్కలకు పుట్టింది, పిల్లులకు పాకింది. నిజానికి కుక్కకూ అది సరిపోదు. మీరే ఆలోచించండి. ఆడపిల్లి అయిదారు నెలలకే ఎదకు వస్తుంది. చూలు తొమ్మిది వారాలు. అంటే మొదటి పుట్టినరోజు రాకముందే తల్లి కాగలదు. ఏడుతో హెచ్చవేస్తే ఆ తల్లి వయసు ఏడేళ్ళు కూడా ఉండదు! రెండో తరగతి పిల్ల అన్నమాట.

పశువైద్యులు వాడే లెక్క వేరు. పిల్లికి మొదటి ఏడాది మనిషికి 15 ఏళ్ళతో సమానం. రెండో ఏడాది తొమ్మిదేళ్ళు, అంటే రెండేళ్ళు నిండిన పిల్లి 24 ఏళ్ళ పడుచు. అక్కణ్ణించి ఏడాదికి నాలుగేళ్ళ చొప్పున వేసుకుంటూ పోవాలి. ఏడేళ్ళ పిల్లికి 44, పదేళ్ళ పిల్లికి 56. మీ పిల్లికి 14 కదా, రెండు తీస్తే పన్నెండు, పన్నెండు నాలుగులు 48, దానికి 24 కలిపితే 72. సరిగ్గా మీ అత్తగారి ఈడు! మీవారు ఒక్క మాటతో దాని నెత్తిన మరో 26 ఏళ్ళు వేశారు.

అయితే దీన్ని కూడా పంచాంగంలా పట్టుకోకండి. అమెరికాలో టెక్సాస్ రాష్ట్రంలోని ఆస్టిన్‌లో క్రీమ్ పఫ్ అనే ఆడపిల్లి 1967 ఆగస్టులో పుట్టి 2005 ఆగస్టు దాకా బతికింది. 38 ఏళ్ళ మూడు రోజులు. గిన్నిస్ రికార్డు దానిదే. మీవారి లెక్కలో దానికి 266 ఏళ్ళు. మా మిత్రుడి లెక్కలో 168. మనుషుల్లో అందరికంటే ఎక్కువకాలం బతికినట్టు నమోదైన ఫ్రాన్సు దేశపు జాన్ కల్మాఁ 122 ఏళ్ళకు, 1997లో పోయారు. కాబట్టి రెండు లెక్కలూ చివరికి వచ్చేసరికి చెదురుతాయి. పిల్లి ఏ దశలో ఉందో అంచనా వెయ్యడానికి ఈ లెక్క పనికివస్తుంది, ఎప్పుడు పోతుందో చెప్పడానికి కాదు. ఇంట్లో శ్రద్ధగా పెరిగిన పిల్లి 12 నుంచి 15 ఏళ్ళు బతకడం మామూలే, 18, 20 దాకా వెళ్ళేవీ ఉన్నాయి.

ముసలితనం కూడా పిల్లికి మనలాగే రాదు. ఆడవాళ్ళకు యాభై ప్రాంతంలో ముట్లు ఆగిపోయినట్టు పిల్లికి ఆగవు. కాన్పులు తగ్గుతాయి గాని ముసలితనంలోనూ చూలు నిలిచే అవకాశం ఉంది. రక్తనాళాల్లో కొవ్వు పేరుకుని వచ్చే గుండెపోటు మనకు ప్రాణాంతకం, పిల్లుల్లో అది చాలా అరుదు. వాటికి గుండె కండరమే జబ్బుపడుతుంది. జుట్టు నెరవడం కూడా మనంత కనపడదు. నల్లపిల్లి బొచ్చు కాస్త ఎర్రబారి, అక్కడక్కడ తెల్ల వెంట్రుకలు వస్తే వస్తాయి, అంతే. అందుకే చూసేవాళ్ళకు దాని వయసు తెలియదు. తెలిసేసరికి ఏదో ఒక జబ్బు కూడా వచ్చి ఉంటుంది. అప్పుడా జబ్బును చూసి వయసు అనుకుంటాం.

మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచిన మాట, "ఎక్కువ తింటోంది, చిక్కిపోతోంది" అన్నది. ఏ ప్రాణీ వయసువల్ల రెండింతలు తిని సగం కాదు. తిన్నది ఎక్కడికో పోతోంది. మనిషి వచ్చి నాతో ఇదే చెబితే థైరాయిడ్, మధుమేహం రెంటికీ పరీక్ష చేయిస్తాను. పిల్లికీ అంతే. ముసలి పిల్లుల్లో థైరాయిడ్ గ్రంథి మీద కణుపులు పెరిగి హార్మోను అతిగా ఊరుతుంది. ఇది చాలావరకు కాన్సరు కాదు. న్యూయార్కులో పశువైద్యులు 1979లో మొదటిసారి ఈ జబ్బును వర్ణించారు. అంతకుముందు ఇలాంటి పిల్లులు కూడా ముసలితనంతోనే పోయాయని అనుకుని ఉంటారు. ఆకలి, చిక్కిపోవడం, నిలకడ లేకపోవడం, గుండెదడ, రాత్రి అరుపులు దీని లక్షణాలు. మనుషులకు వాడే మెథిమజోల్, కార్బిమజోల్ మందులే పిల్లికీ వాడతారు. మోతాదు మాత్రం పశువైద్యుడే చెప్పాలి, మీ ఇంట్లో ఎవరికైనా ఆ మాత్రలు ఉన్నా మీరు ముట్టుకోవద్దు.

నీళ్ళు తెగ తాగడం థైరాయిడ్‌లోనూ ఉంటుంది, మధుమేహంలోనూ ఉంటుంది. మూత్రపిండాల జబ్బులో మరీ ఉంటుంది, ఇది ముసలి పిల్లుల్లో బహు సామాన్యం. మూత్రపిండం మొండి నౌకరు వంటిది. మూడువంతుల భాగం పాడయ్యేదాకా గొణగకుండా పనిచేస్తుంది. రక్తంలో క్రియాటినిన్ పెరిగినట్టు రిపోర్టులో కనిపించేసరికి చాలా నష్టం జరిగిపోయి ఉంటుంది. పోయిన భాగం తిరిగి రాదు. కాని ఆహారం మార్చి, నీళ్ళు బాగా పట్టించి, రక్తపోటు అదుపులో పెడితే నెలలూ, ఒక్కొక్కప్పుడు ఏళ్ళూ సుఖంగా గడుస్తాయి. ఒక మెలిక కూడా ఉంది. థైరాయిడ్ ఎక్కువగా ఉన్నప్పుడు మూత్రపిండాలకు రక్తం జోరుగా పారి వాటి జబ్బు మరుగున పడుతుంది. థైరాయిడ్ తగ్గించగానే బయటపడుతుంది. అందుకని రెండు పరీక్షలూ కలిపి చేయించండి, మందు మొదలుపెట్టిన కొన్ని వారాలకు మళ్ళీ చేయించండి.

రాత్రి అరుపులకు ఇంకో రెండు కారణాలున్నాయి. రక్తపోటు పెరిగి కంటి వెనక పొర ఊడితే పిల్లికి ఒక్కసారిగా చూపు పోతుంది. చీకట్లో దిక్కు తోచక అరుస్తుంది. దీపం వేసినా కనుపాప పెద్దదిగానే ఉండిపోతే ఆ రోజే చూపించాలి, మనం రక్తపోటుకు వాడే ఆమ్లోడిపిన్‌నే దానికీ ఇస్తారు. రెండోది మతిమరుపు. బాగా ముసలివైన పిల్లులు కొన్ని తెలిసిన గదిలోనే దారి తప్పి, మూలన నిలబడి గోడను చూస్తూ ఉంటాయి. మనుషుల్లో అల్జీమర్స్ జబ్బులో మెదడులో పేరుకునే పదార్థం వంటిదే వాటి మెదడులోనూ కనపడింది. అయితే మిగతా జబ్బులన్నీ లేవని తేలాకే ఆ మాట అనాలి.

దూకకపోవడం కీళ్ళ సంగతి. 12 ఏళ్ళు దాటిన 100 పిల్లుల ఎక్స్‌రేలను పరిశీలించి 2002లో అమెరికాలో ప్రచురించారు. 90 పిల్లులకు కీళ్ళ అరుగుదల ఉంది. పిల్లి కుంటదు, మూలగదు. ఎక్కడం మానేస్తుంది, అంతే. చిన్నప్పుడు ఉట్టి మీద పాలు వదలని పిల్లి ఇప్పుడు మంచం కింద పడుకుంటే బుద్ధి వచ్చిందనుకుంటాం. మంచం పక్కన ఒక పీట వెయ్యండి. నీళ్ళ గిన్నె, అన్నం గిన్నె కింద అందేచోట పెట్టండి. ఇసుక తొట్టె వాడుతుంటే ఒకవైపు అంచు తగ్గించండి. గోళ్ళు అరగక పెరిగి పాదంలోకి దిగుతాయి, చూస్తూ ఉండండి.

పెరుగన్నం గురించి మీ అత్తగారు నొచ్చుకోకుండా చెప్పాలి. పిల్లి శాకాహారి కాదు, చేసినా కాదు. మాంసంలో ఉండే టారిన్ అనే పదార్థాన్ని దాని శరీరం చాలినంత తయారు చేసుకోలేదు. అది లోపిస్తే కంటి తెర పాడవుతుందని 1975లోనూ, గుండె కండరం సాగి బలహీనపడుతుందని 1987లోనూ అమెరికా శాస్త్రజ్ఞులు తేల్చారు. మరి ఇన్నాళ్ళూ పెరుగన్నంతో ఎలా బతికిందంటారా? ఎలుకలూ, బల్లులూ మీ అత్తగారికి చెప్పి తినలేదు. ఇప్పుడు దూకలేదు, పట్టలేదు. కాబట్టి లోటు ఇప్పుడే పడుతుంది. మీ ఇంట్లో మాంసం వండకపోతే, పిల్లుల కోసం తయారుచేసి అమ్మే ఆహారం ఉంది, టారిన్ కలిపే ఉంటుంది. ఏ రకం పెట్టాలో మూత్రపిండాల పరీక్ష అయ్యాక నిర్ణయించుకోండి. అందాకా పాలు తగ్గించండి, పెద్దయిన పిల్లుల్లో చాలావాటికి పాలు అరగక విరేచనాలవుతాయి.

మీకు గన్నవరం పశువైద్య కళాశాల దూరం కాదు. మూత ఉన్న బుట్టలో అది పడుకునే పాతగుడ్డ వేసి తీసుకువెళ్ళండి. రక్తం, మూత్రం, థైరాయిడ్, రక్తపోటు, పళ్ళు చూడమని అడగండి. వెళ్ళేముందు పిల్లిని ఎత్తుకుని తూకం చూసుకోండి, తరవాత మీరొక్కరే చూసుకోండి, తేడా దాని బరువు. నెలకోసారి కాలెండరు మీద రాసిపెట్టండి. పిల్లికి ఆరు నెలలంటే మనకు రెండేళ్ళు. ఏడాదికోసారి చూపిస్తే చాలదు. కరిచినా గీరినా వెంటనే సబ్బునీళ్ళతో కడిగి, రేబిస్ టీకా కోసం డాక్టరు దగ్గరికి వెళ్ళడం మరవకండి.

ఈ పరీక్షలన్నిటిలో నయం కానిదేదో బయటపడవచ్చు. అప్పుడు బాధ లేకుండా చూసుకోవడమే వైద్యం. అది పరీక్షించాక అనవలసిన మాట, హెచ్చవేసి అనవలసిన మాట కాదు.

ఇక మీరు అడగని సంగతి ఒకటి. అత్తగారి గురించి "మేడ దిగడం లేదు, వయసు కదా" అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నారు. మీవారు పిల్లి గురించి అన్నదీ దాదాపు అదే. మోకాళ్ళ అరుగుదల వయసుతో వచ్చేదే, కాదనను. కాని మేడ దిగడం మానేస్తే తొడ కండరాలు కరుగుతాయి, అవి కరిగితే మోకాలు మరింత నొస్తుంది. కుర్చీలో కూర్చుని కాలు చాచి, పదిదాకా లెక్కపెట్టి దింపడం రోజూ రెండు పూటలా చేయించండి. నొప్పుల మాత్రల్లో చాలావాటిని ఏళ్ళ తరబడి వేసుకుంటే రక్తపోటు పెరుగుతుంది, కడుపులో పుండు పడుతుంది, మూత్రపిండాలు పాడవుతాయి. ఆవిడకూ రక్తపోటు, హిమోగ్లోబిన్, క్రియాటినిన్, షుగరు, థైరాయిడ్ చూపించండి. రెండు రోజులు అన్నం తినకపోవడానికి కారణం మాత్రం రక్తపరీక్షలో దొరకదు. దానికి మందు మీవారి దగ్గరే ఉంది, పిల్లిని బుట్టలో పెట్టి గన్నవరం బస్సు ఎక్కేటప్పుడు తోడు ఆయన్నే రమ్మనండి.

ఆ నొప్పుల మాత్ర పేరేమిటో, రోజుకు ఎన్ని వేసుకుంటున్నారో, ఎన్నేళ్ళ నుంచో మీరు రాయలేదు. తిరుగు టపాలో రాయండి.