కాళ్ళు వాచాయా అని కాదు, బి.పి. ఎంత అని అడగండి

నెలలు నిండుతున్న అమ్మాయి కాళ్ళు కాస్త ఉబ్బాయంటే చాలు, మన ఇళ్ళలో రెండు రకాల తీర్పులు వినిపిస్తాయి. ఒకటి, "నీరు పట్టింది, నీళ్ళు తగ్గించు, ఉప్పు మానెయ్యి" అని. రెండోది, "అందరికీ వచ్చేదే, కాన్పు అయితే అదే పోతుంది" అని. రెండూ పెద్దవాళ్ళు ప్రేమతో చెప్పే మాటలే. కాని మొదటి మాట విన్న అమ్మాయి ఊరికే కష్టపడుతుంది. రెండో మాట విని ఊరుకున్న అమ్మాయికి ఒక్కోసారి ప్రాణం మీదికే వస్తుంది. కాళ్ళను చూసి ఇంట్లో తీర్పు చెప్పే అలవాటును మనం మానుకోవాలన్నది నా అభిప్రాయం. కాళ్ళు చెప్పలేని సంగతిని బి.పి. మిషను చెబుతుంది.

వాపు ఎందుకు వస్తుంది?

గర్భం ధరించాక శరీరంలో రక్తం పరిమాణం మామూలు కన్నా 40 నుండి 50 శాతం వరకు పెరుగుతుంది. బిడ్డ పెరిగేకొద్దీ, కాళ్ళ నుండి గుండెకు రక్తాన్ని తీసుకువెళ్ళే పెద్ద సిర మీద గర్భసంచి బరువు పడుతుంది. పైకి వెళ్ళవలసిన రక్తం నెమ్మదిస్తుంది. అందులోని నీరు కొంత పాదాల దగ్గర, చీలమండల దగ్గర చేరుతుంది. అందుకే ఈ వాపు పొద్దున లేచేసరికి తగ్గి, సాయంత్రానికి పెరుగుతుంది. ఎండాకాలంలో ఇంకా ఎక్కువ. నాట్లు వేసేవారిలోను, రోజంతా నిలబడి పాఠాలు చెప్పే టీచర్లలోను, కుట్టు మిషను ముందు కాళ్ళు వేలాడేసి కూర్చునేవారిలోను మరీ కనిపిస్తుంది. ఇది జబ్బు కాదు.

మరి నీళ్ళు తాగడం వల్ల వచ్చిందా? కాదు. నీళ్ళు తగ్గిస్తే వాపు తగ్గదు. మలబద్ధకం, మూత్రంలో మంట, కళ్ళు తిరగడం మొదలవుతాయి. ఉప్పు సంగతీ అంతే. గర్భంలో వచ్చే బి.పి. జబ్బును ఆపడానికని ఉప్పు తగ్గించవద్దని, నీరు తీసే బిళ్ళలు వాడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లోనే సలహా ఇచ్చింది. ఊరగాయలు, అప్పడాలు, ఎండుచేపలు మితంగా తినమని చెప్పండి, మంచిదే. పూర్తిగా చప్పిడి కూడు పెడితే ఆ అమ్మాయి రెండు ముద్దలతో లేచిపోతుంది. నష్టం తల్లికీ బిడ్డకీ కూడా. బార్లీ నీళ్ళు తాగితే తప్పులేదు, గలిజేరు ఆకు పప్పులో వండుకున్నా అభ్యంతరం లేదు. అయితే అవి బి.పి.కి మందులని నమ్మి పరీక్ష మానెయ్యకూడదు. మందుల షాపులో అడిగి నీరు తీసే బిళ్ళ తెచ్చి వేయడం మాత్రం అసలు పనికిరాదు.

ఇంట్లో చేయగలిగినవి

పగలు రెండు మూడుసార్లు, ఒక్కోసారి 15 నుండి 20 నిమిషాలు, కాళ్ళ కింద దిండ్లు పెట్టుకుని పక్కకు తిరిగి ఒరగాలి. పడుకునేటప్పుడు ఎడమ పక్కకు తిరిగితే రక్తం సాఫీగా వెళ్తుంది. ఒకేచోట చాలాసేపు నిలబడకుండా, కూర్చోకుండా మధ్యలో నాలుగడుగులు వేయాలి. బస్సు ప్రయాణంలో పాదాలను గుండ్రంగా తిప్పుతూ ఉండాలి. మెట్టెలు, పట్టీలు, ఉంగరాలు బిగుసుకోక ముందే తీసి దాచుకోవాలి. చెప్పులు వదులుగా ఉండాలి. ఇవి మందులకంటే మేలు చేస్తాయి. కాని ఇంట్లోవాళ్ళు పని అందుకుంటేనే ఇవన్నీ సాధ్యం. కాళ్ళు పైకి పెట్టుకున్న కోడలిని చూసి "పని దొంగ" అనే ఇంట్లో ఈ సలహాలన్నీ కాగితం మీదే ఉండిపోతాయి. భర్త రెండు బిందెల నీళ్ళు మోస్తే, అత్తగారు ఒక పూట వంట అందుకుంటే, అదే వైద్యం.

వాపు లేదని ధీమా వద్దు

నేను 1990లలో నర్సింగ్ చదువుకున్నప్పుడు గర్భంలో వచ్చే ప్రమాదకరమైన బి.పి. జబ్బుకు మూడు గుర్తులు నేర్పేవారు: బి.పి. పెరగడం, మూత్రంలో ఆల్బుమిన్, ఒంటికి వాపు. 2000 సంవత్సరంలో అమెరికా నిపుణుల బృందం ఈ మూడింటిలో నుండి వాపును తీసేసింది. ఆరోగ్యంగా ఉన్న ఎంతోమంది గర్భిణులకు వాపు వస్తుంది. జబ్బు ముదిరిన కొందరికి అసలు వాపే ఉండదు. కాబట్టి కాళ్ళు సన్నగా ఉన్నాయని కూడా ధీమాగా ఉండలేము.

అయిదో నెల దాటాక బి.పి. 140/90 గాని అంతకుమించి గాని ఉంటే డాక్టరు చూడవలసిందే. 160/110కి చేరితే అది ఆ గంటలోనే ఆసుపత్రికి రావలసిన పరిస్థితి. ముఖం, చేతులు హఠాత్తుగా ఉబ్బడం, తగ్గని తలనొప్పి, చూపు మసకబారడం, కళ్ళముందు మెరుపులు, పొట్ట పైభాగంలో నొప్పి, వారంలోనే కిలోకు పైగా బరువు పెరగడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లవారేదాకా ఆగవద్దు. మన పల్లెల్లో గుర్రపువాతం అంటారే, ఆ ఫిట్స్ ఈ బి.పి. జబ్బు ముదిరితే వచ్చేవే. ఫిట్స్ వస్తే చేతిలో తాళంచెవులు పెట్టి కాలం గడపకండి. నోట్లో ఏమీ పెట్టకుండా ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి, 108కి ఫోన్ చేయండి. దీనికి మెగ్నీషియం సల్ఫేట్ అనే ఇంజక్షన్ ఉంది. ఫిట్స్ రాకముందే ఇస్తే వచ్చే అవకాశం సగానికి తగ్గుతుందని 2002లో వెలువడిన పెద్ద అంతర్జాతీయ పరిశోధన తేల్చింది. మందు ఉంది, మనిషి సమయానికి చేరడమే కావాలి.

మరో రెండు సంగతులు. ఒక్క కాలే వాచి, పిక్క నొప్పిగా, వేడిగా ఉంటే అది రక్తం గడ్డకట్టడం కావచ్చు. దాన్ని తోమకుండా, మర్దన చేయకుండా వెంటనే తీసుకురండి. వాపుతోపాటు ఆయాసం, ముఖం పాలిపోవడం ఉంటే రక్తహీనత ఎక్కువైందేమో చూడాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రెండు తెలుగు రాష్ట్రాలలోను గర్భిణులలో సగం మందికి పైగా రక్తం తక్కువే.

పుట్టింటి ప్రయాణంలో పోయే వారాలు

తొలికాన్పుకు ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో పుట్టింటికి తీసుకువెళ్ళడం మన ఆచారం. మంచి ఆచారమే. అయితే అత్తగారి ఊరి ఆసుపత్రి వదిలి, పుట్టింటి ఊరి ఆసుపత్రిలో చేరేలోపు మూడు నాలుగు వారాలు ఎవరూ బి.పి. చూడరు. ఈ జబ్బు ఎక్కువగా బయటపడేది ఆ నెలల్లోనే, అందులోను తొలిచూలు వారిలోనే. సారె సామానుతో పాటు మాతా శిశు సంరక్షణ కార్డు కూడా పెట్టెలో ఉండాలి. వెళ్ళిన వారంలోపే అక్కడ బి.పి. చూపించాలి. ఏడో నెల వరకు నెలకొకసారి, తరువాత పదిహేను రోజులకొకసారి, తొమ్మిదో నెల నుండి వారానికొకసారి చూపించడం మంచి పద్ధతి. డబ్బుకు వెనుకాడవలసిన పని లేదు. ఊళ్ళో ఎ.ఎన్.ఎం. చూస్తారు. 2016 నుండి ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రులలో గర్భిణులకు ఉచితంగా పరీక్షలు చేస్తున్నారు. మెట్లెక్కి వచ్చిన వెంటనే కాకుండా, అయిదు నిమిషాలు కూర్చున్నాకే బి.పి. చూడమని అడగండి. ఎంత వచ్చిందో కార్డులో రాయించుకోండి.

కాన్పు అయ్యాక కూడా మరచిపోవద్దు. మొదటి కొన్ని రోజులు కాళ్ళ వాపు కాస్త పెరిగి, తరువాత దానంతటదే తగ్గుతుంది. దానికి భయపడి బాలింతకు నీళ్ళు కట్టడి చేయకండి, పాలిచ్చే తల్లికి దాహం ఎక్కువ. కాని తలనొప్పి, చూపు మసక వస్తే మాత్రం ఆలస్యం చేయవద్దు. కాన్పు తరువాత ఆరు వారాల వరకు ఈ బి.పి. జబ్బు రావచ్చు.

"మేము అయిదుగురిని కన్నాం, మాకెవరు బి.పి. చూశారు?" అని అడిగే పెద్దమ్మలు ఉన్నారు. అమ్మా, మీరు క్షేమంగా బయటపడ్డారు కాబట్టి ఆ మాట చెప్పగలుగుతున్నారు. మీతోపాటు కడుపుతో ఉండి, కాన్పులో పోయినవారిని ఒక్కసారి గుర్తు చేసుకోండి. వాళ్ళ మాట మనకు వినబడదు. మీ ఇంటి అమ్మాయి ఆసుపత్రి నుండి రాగానే కాళ్ళవైపు చూడకండి, కార్డు తీసుకుని "ఈరోజు బి.పి. ఎంతమ్మా?" అని అడగండి. ఆ ఒక్క ప్రశ్న అడగడం ఇంట్లో అందరూ నేర్చుకుంటే మా లేబర్ వార్డులో పరుగులు చాలా తగ్గుతాయి.