చిరిగిన చొక్కా ఒక్కటే సరిపోదు

ప్రపంచం అంతమైపోయాక జరిగే కథ అనగానే కళ్ళముందు ఒకటే బొమ్మ కదులుతుంది. దుమ్ము, కూలిన ఫ్లైఓవర్లు, చిరిగిన జాకెట్లు, మసి పూసుకున్న మొహాలు. హాస్టల్లో ఇలాంటి సిరీస్ ఏది పెట్టినా మా రూమ్మేట్‌ది ఒకటే మాట: "సెట్టింగులు, కాస్ట్యూములు అన్నీ బడ్జెట్ గొప్పలురా. కథ ముఖ్యం." నా వాదన ఏంటంటే, ఈ రకం డ్రామాల్లో సగం కథ వాటిలోనే ఉంటుంది.

మామూలు కథలో లోకం ఎలా ఉంటుందో మనకి ముందే తెలుసు. ఇక్కడ తెలియదు. ఏం పోయింది, ఏం మిగిలింది, పెత్తనం ఎవరిది అన్నవి పాత్రలు నోటితో చెబితే క్లాసు విన్నట్టుంటుంది. అదే ఒక గోడో, ఒక చొక్కానో చెబితే మనమే కనిపెట్టినట్టుంటుంది.

2023లో వచ్చిన 'ద లాస్ట్ ఆఫ్ అస్' తీసుకోండి. జోయెల్ పుట్టినరోజుకి కూతురు వాచీ రిపేరు చేయించి ఇస్తుంది. అదే రాత్రి కూతురు చనిపోతుంది, వాచీ పగిలిపోతుంది. 20 ఏళ్ళ తర్వాత కూడా ఆ నడవని వాచీ అతని చేతికే ఉంటుంది. "నీ వాచీ పగిలిపోయింది" అని ఎల్లీ ఒక మాట అంటుంది, అంతే. పేజీల కొద్దీ డైలాగు రాసినా అంత బాధ పలికేది కాదు.

'ఫాలౌట్' (2024)లో లూసీ నీలం సూట్ వేసుకుని బంకర్ నుంచి బయటికొస్తుంది. ఆమెకది మామూలు బట్ట. బయటివాళ్ళకి మాత్రం, తాము చస్తుంటే లోపల సుఖంగా బతికినవాళ్ళ గుర్తు. ఆమెని వెంటాడే ఘూల్, బాంబులు పడకముందు సినిమా నటుడు. అప్పట్లో ఆ సూటే వేసుకుని బంకర్ల ప్రకటనల్లో నటించింది కూడా అతనే! ఇది తెలిశాక అతని వెటకారం వేరేగా వినిపిస్తుంది.

మనలాంటివాళ్ళకి బాగా నచ్చేది 'సైలో'. భూమి లోపల 144 అంతస్తులు, ఎక్కాలన్నా దిగాలన్నా మెట్లే, లిఫ్టు లేదు. అట్టడుగున జనరేటర్ నడిపే మెకానిక్‌లు, పైన అధికారులు. అంత పెద్ద జనరేటర్ ఉన్నచోట లిఫ్టు ఎందుకు లేదు? జవాబు ఇంజనీరింగ్‌లో దొరకదు. జనం తేలిగ్గా కలుసుకుంటే పెత్తనం సాగదు, నాకర్థమైంది అదీ. మన 'కల్కి 2898 ఏడీ'లో కూడా ఎండిపోయిన కాశీనీ, తలకిందుల పిరమిడ్ లాంటి కాంప్లెక్స్‌నీ పక్కపక్కన చూస్తే చాలు, ఎవరు ఎవర్ని దోచుకుంటున్నారో అర్థమైపోతుంది.

అలాగని దుమ్ము కొట్టిన ప్రతి సిరీస్‌నీ మెచ్చుకోనక్కర్లేదు. నేను వేసే ప్రశ్నలు మూడే. ఈ బట్టలు ఎవరు కుట్టారు? ఎవరు ఉతుకుతున్నారు? పాతవాటిలో ఏది దాచుకున్నారు, ఎందుకు? వీటికి జవాబు లేకపోతే ఆ చిరుగులు ఫ్యాషన్ షో కింద లెక్క. 'స్టేషన్ ఎలెవెన్' (2021)లో జవాబు ఉంది. ఫ్లూతో లోకం ఖాళీ అయిపోయిన 20 ఏళ్ళకి, ఊరూరా తిరిగి షేక్‌స్పియర్ నాటకాలు వేసే బృందం, దొరికిన చెత్తాచెదారంతోనే రాజుల వేషాలు కట్టుకుంటుంది. బతకడం ఒక్కటే చాలదని ఆ వేషాలే చెబుతాయి.

ఇదంతా పరాయి కథేం కాదు. లాక్‌డౌన్ తర్వాత మొదటిసారి స్కూలుకి వెళ్ళిన రోజు గుర్తుందా? మా క్లాసు బోర్డు మీద 2020 మార్చి తేదీ అలాగే ఉంది. నా యూనిఫాం ప్యాంటు చీలమండల పైకి వచ్చేసింది. ఆన్‌లైన్‌లో సిలబస్ నడిచింది కాబట్టి ఏమీ ఆగలేదనుకున్నాం. ఎంతకాలం పోయిందో ఆ బోర్డూ, ఆ పొట్టి ప్యాంటూ చూశాకే తెలిసింది. బెంచీలో నా పక్కన ఒక సీటు ఖాళీ. వాడు ఎందుకు రాలేదో ఆ రోజు ఎవరమూ అడగలేదు.

రూమ్మేట్‌కి ఇదే చెప్పాను. ఈసారి సిరీస్ పెట్టినప్పుడు వాడే పాజ్ చేసి, "ఆ గోడ మీద ఏముందో చూడు" అన్నాడు.